ఎవరి భుజాలు వాళ్ళకి

నాకు ఫ్లెక్సీలంటే ఒళ్ళుమంట. మా ఇంటి బాల్కనీలో కూర్చుని టీ తాగుతుంటే ఒకప్పుడు కోరుట్ల బస్టాండూ, దాని పక్కన పసుపు బస్తాల లారీలూ కనిపించేవి. ఇప్పుడు ఎవరిదో పుట్టినరోజు కనిపిస్తుంది. అది చిరిగేలోపు ఇంకెవరిదో వర్ధంతి వస్తుంది. మనిషి పుట్టినా మనకు చెప్పాలి, పోయినా మనకు చెప్పాలి, మధ్యలో కొత్త కారు కొన్నా మనకు చెప్పాలి. అట్లాంటి నేను మా ఇంటి కింద షాపు మడిగెను ఏరికోరి ఫ్లెక్సీలు డిజైన్ చేసే నిఖత్‌కే కిరాయికి ఇచ్చాను. కొరివితో తల గోక్కోవడమంటే ఇదేనని మా ఆవిడ రత్నమాల ఇప్పటికీ దెప్పుతుంది.

కానీ ఒక మాట ముందే చెప్పేస్తాను. నా డెబ్బై ఏళ్ళ బతుకులో కళ్ళున్న మనిషి ఎవరని అడిగితే నేను నిఖత్ పేరే చెబుతాను. మనం కూడా చూస్తాం, చూసి మరిచిపోతాం. ఆమె చూసింది ఆమెతోనే ఉండిపోతుంది, ఏదో ఒకరోజు పనికొస్తుంది. ఈ మాట ఆమె ముందు అనను. అసలే ఆమెకు పొగరు, పైగా నా కిరాయిదారు.

నిఖత్‌ది సిరిసిల్ల. వాళ్ళ నాన్న హమీద్ అక్కడ నూలుకు రంగులద్దే షెడ్డులో పనిచేసేవాడు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి మోచేతుల దాకా ఏదో ఒక రంగుండేది. ఎంత తోమినా గోళ్ళ సందుల్లోంచి పోయేది కాదు. అన్నం కలుపుతున్న ఆయన చేతులు చూసి, ఈ వారం ఊళ్ళో మగ్గాల మీద ఏ రంగు నడుస్తోందో ఆ పిల్ల చెప్పేదట.

"మా అబ్బా చేతులే నా మొదటి షేడ్ కార్డు రావు సాబ్" అంటుంది నాతో. "ఒకపారి వారమంత బూడిదరంగే అచ్చింది. స్కూల్ యూనిఫామ్‌ల ఆర్డరట. మాకు తెల్వదు గదా. అబ్బాకు ఏమన్న రోగమచ్చిందేమోనని మా అమ్మీ ఒక్కతీర్గ ఏడ్సింది."

బడి నుంచి వచ్చే దారిలో లంగాల దుకాణం ఉండేది. చీరకు మ్యాచింగ్ కావాలని ఆడవాళ్ళు వస్తే, దుకాణదారుకు దొరకని రంగును ఈ పిల్ల గడపలో నిలబడే చెయ్యి చాచి చూపించేది. ఒక్క ఎరుపులో ఎన్ని ఎరుపులున్నాయో అక్కడ నేర్చుకుంది. నాకు ఈ రోజుకూ ఎరుపంటే ఎరుపే. రత్నమాల కట్టుకున్నది వంకాయ రంగో నేరేడు రంగో చెప్పలేక ఎన్నిసార్లు చీవాట్లు తిన్నానో లెక్కలేదు.

ఇంటరయ్యాక జగిత్యాలలో మేనత్త అతియా ఇంట్లో ఉండి కంప్యూటర్ కోర్సు చేసింది. అక్కడ సారు ప్రతి రంగుకూ ఒక నంబరుంటుందని చెప్పాడట. "నంబర్లు యాదికుండయి సార్, మామిడికాయ యాదికుంటది" అన్నదట ఈమె. వాళ్ళ బస్సు మామిడి మార్కెట్ ముందు నుంచే పోయేది. తొడిమ దగ్గర ముదురు పచ్చ, పైభాగంలో దోర ఎరుపు, ముక్కు దగ్గర పసుపు. ఒకటి అయిపోయి ఇంకొకటి ఎక్కడ మొదలైందో తెలియకుండా కలిసిపోతాయి. ఆ కలయికను తెర మీదికి తేవడానికి నెలల తరబడి తంటాలు పడింది. కోర్సు పూర్తయ్యేసరికి సారుకు మామిడికాయ మాటెత్తితేనే చిరాకొచ్చేదట.

పెళ్ళయి కోరుట్ల వచ్చింది. భర్త వసీంది మోటార్ వైండింగ్ షాపు. మాట తక్కువ మనిషి, ఇద్దరి వాటా మాటలూ ఆమే మాట్లాడుతుంది. స్కూటీ మీద పోతూ పోతూ నడిరోడ్డు మీద ఆపేసి ఫోన్ తీయడం ఆమెకు మొదటినుంచీ ఉన్న పిచ్చి. గోడ మీద సగం చిరిగిన పాత పోస్టర్లు, లారీ మీద కప్పే తాటిపత్రికి వేసిన మాసికలు, పీర్ల పండుగనాడు పీరుకు కట్టిన గుడ్డలు, బీడీ కట్టలకు చుట్టిన దారాలు, ఏదీ వదలదు. ఒకసారి మెట్‌పల్లి రోడ్డు మీద గోడకు ఆరేసిన బొంతను చూసి ఇట్లాగే ఆపితే వెనక వచ్చే ఆటో అతను ఎడాపెడా తిట్టాడు. ఆ తిట్లు ఇక్కడ రాయలేను. ఈమె మాత్రం, "అన్నా, జర ఆగు. గా బొంత ఎండల ఎట్ల మెరుస్తున్నదో సూడు" అన్నదట. అతనూ దిగి చూశాడట. చూసి, "మంచిగున్నది గని అక్కా, బండి పక్కకు పెట్టి సూడు" అని పోయాడట.

అక్షరాలు ఆమె కంప్యూటర్‌లో వెతకదు. చిన్నప్పుడు వాళ్ళ నాన్న ఉర్దూ రాయడం నేర్పిన రెల్లు కలం లాంటిదే ఒకటి చెక్కుకుని, దాంతో తెలుగు రాస్తుంది. ఆ కలంతో రాస్తే మన అక్షరం తలకట్టు దగ్గర సన్నగా మొదలై కడుపు దగ్గర లావెక్కి, మళ్ళీ సన్నబడుతుంది. దాన్ని ఫోటో తీసి తెరమీదికి ఎక్కిస్తుంది. కోరుట్లలో ఏ బోర్డు నిఖత్ చేసిందో నేను కారులోంచే చెప్పగలను.

మా మనవరాలు హర్షిత పెళ్ళి కార్డు పని కూడా ఆమెకే ఇచ్చాను. ఏమైనా పాత నగిషీలు చూపించండని మా ఇంటికొచ్చింది. రత్నమాల వెండి పళ్ళేలు, అత్తరుదానీ, జరీ పంచెలు అన్నీ పరిచింది. నిఖత్ అవి చూసీ చూడనట్టు చూసి, నా పడక కుర్చీ దగ్గర కూలబడింది. దాని వీపుకు అల్లిన పేము వలను వేలితో తడుముతూ కూర్చుంది. చివరికి ఆ అల్లికే కార్డు అంచయింది. చుట్టాలందరూ ఏ పట్నంలో చేయించారని అడిగారు. నేను నడుం వాల్చే కుర్చీ అని చెప్పలేక నవ్వి ఊరుకున్నాను.

ఇంత పొగిడాక ఆమె చేసిన పొరపాటు కూడా చెప్పాలి. ఫ్లెక్సీల పనిలో "బాడీలు" అని ఉంటాయి. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. మనం ఇచ్చేది ఫోన్లో దిగిన ఏదో ఫోటో. డిజైన్ చేసేవాళ్ళు అందులోంచి తల మాత్రం కత్తిరించి, ముందే సిద్ధంగా ఉన్న ఒక ఒంటికి అతికిస్తారు. కోటు వేసుకున్న ఒళ్ళు, తెల్లచొక్కా మీద కండువా ఉన్న ఒళ్ళు, పట్టుచీరలో నమస్కారం పెడుతున్న ఒళ్ళు. వాటి అసలు తలలు ఎవరివో ఎవరికీ తెలియదు. అన్ని ఊళ్ళలో, అన్ని షాపుల్లో అవే తిరుగుతుంటాయి. అందుకే ఫ్లెక్సీ ఎక్కాక బక్కవాడికీ బండవాడికీ ఒకే భుజాలుంటాయి. పోయిన మా బావ బతికుండగా ఏనాడూ కోటు వేసుకోలేదు, పెద్దకర్మనాడు బస్టాండు ముందు కోటు వేసుకుని నిలబడ్డాడు. నిఖత్‌కు ఈ బాడీలు నచ్చవు. అయినా సీజన్లో వాడుతుంది. మనసుపెట్టి చేసే పనులు వేరు, పొద్దుగూకేలోపు ఇచ్చేయాల్సిన పనులు వేరు.

మొన్న పంచాయతీ ఎన్నికలొచ్చాయి. మా ఊరు చందుర్తి దాటాక వస్తుంది. పేరు చెప్పను, చెబితే చల్లారిన గొడవలు మళ్ళీ రాజుకుంటాయి. ఒకప్పుడు మా పెద్దవాళ్ళు దొరతనం చేసిన ఊరు. ఆ రోజులు పోయాయి, మంచిదే అయింది. మా నాన్న కోపం ఒక్కటే నాకు ఆస్తిగా మిగిలింది. సర్పంచి పదవి ఈసారి బీసీ మహిళకు వచ్చింది. ఇద్దరు నిలబడ్డారు, ఒకామె నర్సక్క.

నర్సక్క బీడీలు చుడుతుంది. యాభై దాటిన మనిషి. బీడీ కార్ఖానాలో గుమాస్తా మంచి బీడీలను కూడా బాగా రాలేదని తీసి పక్కన పడేస్తే, మిగతా ఆడవాళ్ళు గొణుక్కుంటూ ఇంటికి పోయేవాళ్ళు. నర్సక్క పోయేది కాదు. పడేసిన బీడీలను గుమాస్తా మళ్ళీ చేతిలోకి తీసుకుని చూసేదాకా అతని ముందు నిలబడేది. తనవే కాదు, ఎవరివైనా సరే. పింఛను ఆగినా, నల్లా రాకపోయినా, ఊళ్ళో ఆడవాళ్ళు "నర్సక్కను తోలుకపోదాం" అనేవాళ్ళు. ఆమె సర్పంచికి నామినేషన్ వేయడం నాకు వింతనిపించలేదు. ఇన్నేళ్ళు ఎందుకు వేయలేదా అనిపించింది.

ఫ్లెక్సీ పని మీద మాత్రం ఆమె మొగుడు జలపతి ఒక్కడే వచ్చాడు. సెంట్రింగ్ మేస్త్రీ, చెడ్డవాడు కాదు, కాస్త ఆర్భాటం మనిషి. నేనప్పుడు నిఖత్ షాపులోనే పేపరు చదువుతున్నాను.

"మేడం, నాది పెద్దగ పెట్టుండ్రి. మా ఆమెది మూలకు చిన్నగ జాలు. ఓట్లడిగేది నేనే గదా" అన్నాడు.

"పోటీ చేసేది నువ్వా, అక్కనా?" అంది నిఖత్.

"పేరుకు ఆమెనే."

"పేరెవలిదో బొమ్మ గూడ ఆల్లదే పెద్దగుంటది. నువ్వు మూలకుండు."

జలపతి గొణిగి ఒప్పుకున్నాడు. అయితే ఒక షరతు పెట్టాడు. బొమ్మలో తన భార్య బీడీలు చుట్టే మనిషిలా కాకుండా పెద్దింటి ఆడమనిషిలా కనిపించాలన్నాడు. తెచ్చిందేమో ఆధార్ కార్డు మీది ఫోటో. షాపు ముందు నాలుగూళ్ళ వాళ్ళు మాది ముందంటే మాది ముందని అరుస్తున్నారు. నిఖత్ ఆ తల కత్తిరించి, కాస్త తెల్లగా చేసి, పట్టుచీర ఒంటికి అతికించి పంపేసింది. నేను చూస్తూనే ఉన్నాను, నాకూ తప్పనిపించలేదు.

తప్పేమిటో ఊళ్ళో తెలిసింది. నర్సక్క మీద నిలబడ్డ రెండో ఆమె ఫ్లెక్సీని సిరిసిల్లలో ఎవరో చేసిచ్చారు. ఆ షాపులోనూ అదే పట్టుచీర ఒళ్ళు. ఊరి మొదట్లో ఉన్న స్వాగత కమానుకు ఈ పక్క నర్సక్క, ఆ పక్క ఆమె. అదే చీర, అదే కాసులపేరు, అవే పది వేళ్ళకూ ఉంగరాలు, అదే నమస్కారం. తలకాయలే వేరు. బడిపిల్లలు దాని కింద నిలబడి పడీపడీ నవ్వారు. "ఒక్క పెయ్యికి రెండు తలకాయలు" అన్నారు పెద్దవాళ్ళు. పెయ్యి అంటే మా వైపు ఒళ్ళు. ఇద్దరూ ఒక్క తీరే ఉన్నారు, ఎవరికేస్తే ఏందని హోటల్లో మాటలు మొదలయ్యాయి. నర్సక్క ఓటడగడానికి పోతే, ఆమెతో కలిసి బీడీలు చుట్టే ఆడవాళ్ళే, "గా దొరసాని నువ్వేనానే?" అని ఆటపట్టించారు.

రెండు రోజులకు నర్సక్క బస్సెక్కి కోరుట్ల వచ్చింది, ఈసారి ఒక్కతే. అరుస్తుందనుకున్నాను, అరవలేదు. నిఖత్ ముందు బల్ల మీద రెండు చేతులూ వెల్లకిలా పెట్టింది. తంబాకుతో వేళ్ళ కొసలు నల్లబడి ఉన్నాయి, ఉంగరం ఒక్కటీ లేదు.

"బిడ్డా, గివి నా చేతులు. నువ్వు పెట్టినయి ఎవలియి?" అని అడిగింది.

నిఖత్ మౌస్ వదిలేసి ఆ వేళ్ళ వైపే చూసింది. 

"నవ్వుడుకు నేనేం బాధపడ్త లేను" అంది నర్సక్క. "గని మా ఆయనకు సందు దొరికింది. నువ్వింట్ల కూసో, నేనే తిరుగుత, నిన్ను సూస్తె నవ్వుతున్నరు అంటున్నడు. బిడ్డా, గియ్యాల ఇంట్ల కూసుంటె, రేపు గెలిచినంక గూడ నన్ను ఇంట్లనే కూసోవెడ్తరు. సర్పంచి కుర్చీల ఆయన కూసుంటడు. నేను సంతకం పెట్టేదానికే."

ఈ ఒక్క మాటతో సంగతంతా నాకు అర్థమైంది. మా చుట్టుపక్కల ఊళ్ళలో ఇట్లాంటి సర్పంచులను ఎంతమందిని చూడలేదు! పేరు ఆమెది, పెత్తనం ఆయనది. నర్సక్కకు భయం ఓడిపోతానని కాదు. గెలిచి కూడా లేకుండా పోతానేమోనని.

నిఖత్ లేచి షట్టరు సగం దించింది. బయట నిలబడ్డవాళ్ళు లబోదిబోమన్నారు. "నా తప్పున్నది, జర దిద్దుకొని అస్త" అని వాళ్ళకు చెప్పి, నావైపు తిరిగింది.

"రావు సాబ్, కారు తియ్యుండ్రి. మీ ఊరికి పోవాలె."

నేనేమైనా ఆమె డ్రైవర్‌నా? ఆ మాటే అన్నాను. అంటూనే తాళాలు తీశాను.

నర్సక్క ఇంటి ముందు రేకుల పందిట్లో ఏడెనిమిది మంది ఆడవాళ్ళు ఒళ్ళో చాటలు పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. ఫోటో అనగానే నర్సక్క లోపలికి పోయి, పెట్టెలోంచి మంచి చీర తీసి కట్టుకుని, మొహానికి పౌడర్ రాసుకుని వచ్చి బిగుసుకుని నిలబడింది. సూది వేయించుకునే పిల్లలా ఉంది. నిఖత్ ఒక ఫోటో తీసి, చూసి, తీసేసింది. "అక్కా, నువ్వు పనిచేసుకో. నేనున్ననని మర్సిపో" అని చెప్పి ఆడవాళ్ళ మధ్య కింద కూర్చుంది.

కూర్చుని చూడటం మొదలుపెట్టింది. నాకు ఎవరో ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేశారు. నేను నిఖత్‌ను చూస్తున్నాను, ఆమె నర్సక్కను చూస్తోంది. ఆకు తడి చూసే వేళ్ళను చూసింది. ఇన్నేళ్ళుగా చాట మీదికి వంగీ వంగీ కుడి భుజం కంటే ఎడమ భుజం కిందికి దిగి ఉండటం చూసింది. మాట్లాడేటప్పుడు గడ్డం కొంచెం ముందుకు రావడం చూసింది. మధ్యమధ్యలో చాటలోని ఆకును ఎండలోకి పట్టుకుని దాని రంగు కూడా చూసుకుంది. ఫోన్ మాత్రం ఒళ్ళో అట్లాగే పెట్టుకుని ఉంది.

నాకు ఆకలవుతోంది. ఆకలైతే నాకు మా నాన్న పూనుతాడు.

"ఇంకెంతసేపు కూసుంటం నిఖత్? నర్సక్కను గీ కుర్చీల కూసోవెట్టి ఒకటి తియ్యి. కుర్చీల కూసుంటె మనిషికి ఒక దర్జా అస్తది" అన్నాను.

నర్సక్క చాట పక్కన పెట్టి లేచింది. ఒక చెయ్యి నడుం మీదికి పోయింది. రెండో చెయ్యి అరచేయి చాపి నా ముందుకొచ్చింది. గడ్డం పైకి లేచింది.

"దొరా, కుర్చీల కూసునేటోళ్ళను సూసీ సూసీ ఊరు యాష్టకచ్చింది. మాకు నిలవడేటోళ్ళు కావాలె."

పందిరి కింద ఆడవాళ్ళంతా గొల్లుమన్నారు. నాకు చెవులు వేడెక్కాయి. మా తాత ఉన్న కాలంలో ఈ మాట ఆ వాకిట్లో పుట్టేదే కాదు. పుట్టిందంటే కాలం మారినట్టే, మారినందుకు నాకు సంతోషమే. కానీ ఆ క్షణాన సంతోషం రాలేదు, ఉక్రోషం వచ్చింది. దాని వెనకాలే నవ్వు కూడా వచ్చింది. నేను ఏదో అనబోయేలోపు నిఖత్ ఎత్తిన ఫోన్ దించి, లేచి చీరకు అంటిన ఆకు తుంపులు దులుపుకుంటోంది.

"అయిపోయింది రావు సాబ్. నడువుండ్రి" అంది.

కోరుట్ల వచ్చాక ఆమె పనిచేస్తుంటే నేను వెనక నిలబడ్డాను. తల కత్తిరించలేదు. తెల్లగా చేయలేదు. ఎడమ భుజాన్ని కుడి భుజంతో సమానం చేయలేదు. పాత నేతచీర, కొంగు నడుంలో దోపుకున్న తీరు, చాపిన అరచేయి, నల్లబడిన వేళ్ళు అన్నీ అట్లాగే ఉంచింది. చిక్కంతా వెనక ఏ రంగు వేయాలన్న దగ్గర వచ్చింది. పంచాయతీ ఎన్నికల్లో పార్టీ గుర్తులుండవు గానీ, జనం రంగు చూసి పార్టీ చెప్పేస్తారు.

"ఏ రంగు పట్టుకున్నా ఎవలో ఒకలు మాదంటరు. నాకు మిగిలిందేంది?" అని విసుక్కుంది. అంతలో హ్యాండ్‌బ్యాగులోంచి ఒక తునికాకు తీసింది. నర్సక్క చాటలోంచి తెచ్చుకున్నదది. ఆకుపచ్చా కాదు, మట్టిరంగూ కాదు, రెండూ కలిసి ఎండిన రంగు. ఏ పార్టీకీ పట్టనిది, ఆ ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ ఉండేది. ఫ్లెక్సీ మొత్తం ఆ ఒక్క రంగు. దాని మీద నర్సక్క. కలంతో రాసిన పేరు, కింద గుర్తు. ఇంకేమీ లేదు, పైన గుండ్రాల్లో నాయకుల తలలు కూడా లేవు.

జలపతి వచ్చి తెర ముందు చాలాసేపు నిలబడ్డాడు. "గిది మా ఆమెనే" అన్నాడు మెల్లగా. "ఇంట్ల నా మీదికి గూడ గిట్లనే అస్తది." తర్వాత తేరుకుని, "మరి నాదేది?" అన్నాడు.

"అన్నా, గీమె ఎవలి భార్యనో మీ ఊర్ల తెల్వనోళ్ళున్నరా?"

"లేరు."

"మరింకేంది? తెల్వనిదే చెప్పాలె గదా" అంది. జలపతి నావైపు చూశాడు. నేను పేపర్లో తల దూర్చాను.

నిఖత్ ఇంకొక పని చేసింది. ఫ్లెక్సీని కమాను మీద కట్టనివ్వలేదు. నర్సక్క ఎంత ఎత్తుందో అంతే ఎత్తు కొట్టించి, కార్ఖానాకు ఎదురుగా బాలవ్వ ఇంటి గోడకు, కాళ్ళు నేలకు ఆనేట్టు కట్టించింది. తల పైకెత్తి చూసే పని లేదు. దారిన పోయేవాళ్ళకు ఎదురొచ్చి నిలబడ్డట్టే ఉంటుంది. బాలవ్వ ముసలామె, ఒంటరిది, చూపు సరిగ్గా ఆనదు. గోడ ఇమ్మంటే ఇచ్చింది గానీ దాని మీద ఏం కడుతున్నారో పట్టించుకోలేదు.

ఆ మరుసటి పొద్దున నిఖత్‌తో కలిసి నేనూ వెళ్ళాను. రంగు సరిగా పడిందో లేదో చూడాలని ఆమె గోల. మేము కారు దిగేసరికి బాలవ్వ కట్టె పట్టుకుని గోడ ముందు నిలబడి మాట్లాడుతోంది.

"ఏమే నర్సీ, పొద్దుగాల పొద్దుగాల్నే అచ్చినవు. చాయ తాగినవా? నా పింఛిని ఈ నెల గూడ పడలే. పోస్టాఫీసాయన రేపు రా, మాపు రా అంటున్నడు. నువ్వొకపారి అడుగు బిడ్డా." చెవి గోడ వైపు పెట్టింది. "పలుకవేందే? కోపమచ్చిందా?" అని కట్టెతో ఫ్లెక్సీ కాలి దగ్గర పొడిచింది.

నేను నవ్వాను. నిఖత్ నవ్వలేదు. నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది, కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. చూపున్న ఊరంతా పట్టుచీర బొమ్మను గుర్తుపట్టలేకపోయింది, చూపు ఆనని ముసలామె, బొమ్మ నిలబడ్డ తీరును బట్టే నర్సక్కను గుర్తుపట్టింది. ఒక డిజైనర్‌కు ఇంతకంటే ఏం కావాలో నాకు తెలియదు.

మధ్యాహ్నానికి ఈ సంగతి ఊరంతా పాకింది. నవ్వారు, కానీ అది వేరే నవ్వు. నర్సక్క మంచి చీర పెట్టెలో పెట్టేసి, కొంగు నడుంలో దోపుకుని గడపగడపకూ తిరిగింది. వెనక బీడీల ఆడవాళ్ళు తిరిగారు. జలపతి కూడా తిరిగాడు, ఆమె వెనక.

గెలిచింది. భారీ మెజారిటీ అని రాస్తే అబద్ధమవుతుంది, గెలవడానికి చాలినన్ని ఓట్లతో గెలిచింది. నీ ఫ్లెక్సీయే గెలిపించిందని నిఖత్‌తో అంటే మండిపడింది. "ఫ్లెక్సీ ఓట్లు తేదు రావు సాబ్. మనిషికి అడ్డం రాకుంటె గదే జాలు."

ఆ మాట అన్నదే గానీ ఆ ఫ్లెక్సీ మీద ఆమెకు మనసుంది. ఇన్నేళ్ళలో తాను చేసిన పనులన్నిటిలోకీ అదే గొప్పదని ఆమెకు తెలుసు. దాన్ని తెచ్చుకుని షాపులో గోడ నిండా పెట్టుకుంటానని రోజూ అనేది. మొన్న అకాల వానలు పడి తెరిపిచ్చాక ఇద్దరం మళ్ళీ వెళ్ళాం. బాలవ్వ గోడ ఖాళీగా ఉంది. నిఖత్ మొహం చిన్నబోయింది. ఎన్నికలైపోయాక ఫ్లెక్సీలు గడ్డివాముల మీదికీ కట్టెల మీదికీ పోతాయని ఆమెకు తెలియనిది కాదు. ఇది మాత్రం పోదనుకుంది.

మమ్మల్ని చూసి, పక్కనే ఉన్న పంచాయతీ ఆఫీసు నుంచి నర్సక్క బయటికొచ్చింది. లోపల మీటింగు మధ్యలో ఉందట. జలపతి బయట అరుగు మీద కూర్చుని ఎవరితోనో ముచ్చట పెడుతున్నాడు.

"నా బొమ్మేది అక్కా?" అంది నిఖత్. తాను నర్సక్క బొమ్మను "నా బొమ్మ" అంటున్నానని కూడా ఆమెకు తోచలేదు.

నర్సక్క బాలవ్వ ఇంటి కప్పు చూపించింది. పగిలిన పెంకుల మీద ఫ్లెక్సీ బోర్లా పరిచి ఉంది. మాకు దాని తెల్లటి వీపు మాత్రమే కనిపిస్తోంది.

"బాలవ్వ ఇల్లు కురుస్తున్నది, కప్పిచ్చిన" అంది నర్సక్క. "నేనే అచ్చినంక నా బొమ్మతోని ఏం పని బిడ్డా?"

ఆ మాట అని, మీటింగులో వాళ్ళు ఎదురుచూస్తున్నారని గబగబా లోపలికి పోయింది. నిఖత్ ఆ కప్పు వైపే చూస్తూ నిలబడింది. బాధపడుతుందేమోనని ఓదార్పు మాటలు వెతుక్కుంటున్నాను. నవ్వుతున్న ఆమె మొహం చూశాక అవేవీ అక్కర్లేదని తెలిసింది. ఆ పూట ఆమెను చూసి నాకు కలిగినంత గర్వం, నిజం చెబుతున్నాను, నా సొంత పిల్లలను చూసి కూడా ఎప్పుడూ కలగలేదు.

కారు ఎక్కే ముందు ఆమె పక్కింట్లో నిచ్చెన అడిగి తెచ్చుకుని, నేను కింద పట్టుకుంటే పైకెక్కి, గాలికి లేస్తున్న ఒక మూలను తాడుతో గట్టిగా బిగించి కట్టి దిగింది.